పద్మ అవార్డుకి సమాజ సేవ నామినేషన్: అక్కడ ఏం చూస్తారు, మనం ఎలా రాయాలి

మా ఊరి ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర ఒక అక్క రోజూ పొద్దున్నే రాగి జావ పోస్తుంది. రోగులకి కాదు, రోగులతో పాటు వచ్చి వరండాలో చాపేసుకుని పడుకునే వాళ్ళకి. 2003 నుంచి పోస్తోంది. ఆవిడ పేరు పద్మశ్రీకి పంపిద్దామని నేను, ఇంకో ఇద్దరం కూర్చుని మొదటిసారి రాసిన కాగితం ఇప్పుడు చదివితే బాధేస్తుంది, ఎందుకంటే అందులో అక్క లేదు. "నిస్వార్థ సేవామూర్తి", "పేదల పాలిట దేవత", "మానవత్వానికి నిలువెత్తు నిదర్శనం" ఉన్నాయి. ఆవిడ పేరు కొట్టేసి ఇంకెవరి పేరు రాసినా ఆ కాగితం అలాగే సరిపోతుంది.

ఆ తర్వాత నిబంధనలన్నీ చదివాను, అవార్డు వచ్చినవాళ్ళ వివరాలు చూశాను, ఇంకో మూడు నాలుగు నామినేషన్లు రాయడానికి సాయం చేశాను. ఇందులో అర్థమైంది ఒక్కటే: ఢిల్లీలో కూర్చున్న కమిటీ మీ మనిషిని చూడదు, ఇంటర్వ్యూకి పిలవదు. వాళ్ళ ముందుకి వెళ్ళేది మీరు రాసిన కాగితమే. కాబట్టి వాళ్ళు ఏం చూస్తారో తెలుసుకుని రాయాలి. మీ ఊళ్ళో కూడా అలాంటి మనిషి ఉంటే, నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండాలని ఇదంతా రాస్తున్నాను.

ముందు, ఇది పద్మకి వెళ్ళాల్సిన పనేనా?

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. చెరువులో మునిగిపోతున్న పిల్లల్ని ప్రాణాలకి తెగించి కాపాడిన కుర్రాడి పేరు పద్మశ్రీకి పంపుతామంటారు. అది గొప్ప పనే, కానీ దానికి జీవన్ రక్షా పదక్ అని వేరే ఉంది. సర్వోత్తమ్, ఉత్తమ్, మామూలు జీవన్ రక్షా అని అందులో మూడు స్థాయిలు ఉంటాయి, ఘటన జరిగిన రెండేళ్ళలోపు పంపాలి. 5 నుంచి 18 ఏళ్ళ పిల్లలైతే ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల్ పురస్కార్ ఉంది, అందులో సమాజ సేవ కూడా ఒక విభాగం. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీరుగా పనిచేసిన వాళ్ళకి ఎన్‌ఎస్‌ఎస్ అవార్డులు ఉన్నాయి, 1993-94 నుంచి ఇస్తున్నారు, దానికి కాలేజీ, యూనివర్సిటీ ద్వారానే వెళ్ళాలి.

పద్మ అంటే ఏళ్ళ తరబడి సాగిన పని. విభూషణ్, భూషణ్, శ్రీ అని మూడు మెట్లు. 1954లో మొదలుపెట్టారు. కళలు, సమాజ సేవ, ప్రజా వ్యవహారాలు, సైన్సు-ఇంజినీరింగు, వైద్యం, సాహిత్యం-విద్య, క్రీడలు, వాణిజ్యం-పరిశ్రమలు, సివిల్ సర్వీసు ఇలా రంగాలు ఉంటాయి. ఇవి వ్యక్తులకే ఇస్తారు, సంస్థలకి కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ట్రస్టులు నడిపేవాళ్ళ విషయంలో దీనితో పెద్ద చిక్కొస్తుంది, కింద చెప్తాను.

రంగం ఎంచుకునేటప్పుడు తొందరపడొద్దు. జనానికి మేలు చేశారు కాబట్టి సమాజ సేవే అని టిక్ పెట్టేస్తాం. కానీ మన దగ్గరి ఉదాహరణలే చూడండి. అమ్మ పడే భుజం నొప్పి చూడలేక, చీర నేసే ముందు చేత్తో నూలు చుట్టే పనిని చేసిపెట్టే ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది సైన్సు-ఇంజినీరింగు కింద. చేనేత ఆడవాళ్ళకి అంత మేలు చేసిన పని, సమాజ సేవ అనుకున్నా తప్పు కాదు, అయినా ఆ పనికి అసలు బలం యంత్రంలో ఉంది. సొంత ఇంటినే గ్రంథాలయం చేసిన కూరెళ్ళ విఠలాచార్య గారికి 2024లో సాహిత్యం-విద్య కింద ఇచ్చారు. అదే మొక్కలు నాటుతూ జీవితం గడిపిన వనజీవి రామయ్య గారికి 2017లో, కాకినాడలో కంటి ఆసుపత్రి, బడి నడుపుతున్న సంకురాత్రి చంద్రశేఖర్ గారికి 2023లో సమాజ సేవ కిందే వచ్చింది. మీ మనిషి పనిలో ఎక్కడ పట్టు ఉందో ఆలోచించి రంగం పెట్టండి.

అర్హత సంగతి, త్వరగా

కులం, మతం, వృత్తి, హోదా, ఆడా మగా తేడా లేదు. ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవాళ్ళు అర్హులు కారు, డాక్టర్లకీ శాస్త్రవేత్తలకీ మాత్రం మినహాయింపు ఉంది. అంటే సర్కారు బడిలో ఇప్పుడు పనిచేస్తున్న మాస్టారు ఎంత సేవ చేసినా రిటైరయ్యేదాకా ఆగాలి. చనిపోయినవాళ్ళకి మామూలుగా ఇవ్వరు, మరీ అర్హమైన సందర్భాల్లోనే ఇస్తారు. అందుకే పెద్దవయసు వాళ్ళ విషయంలో వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకండి. అమెరికాలోనో, ఇంకెక్కడో స్థిరపడ్డ మనవాళ్ళు కూడా అర్హులే. ఏడాదికి 120 మించకూడదన్న లెక్కలోకి ప్రవాసులు, విదేశీయులు, మరణానంతరం ఇచ్చేవి రావు.

తీర్పు ఎవరిది?

నామినేషన్లన్నీ కేంద్ర హోం శాఖకి చేరతాయి. రాష్ట్ర ప్రభుత్వాలు పంపేవి, కేంద్ర మంత్రిత్వ శాఖలు పంపేవి, మనలాంటి మామూలు జనం పంపేవి అన్నీ. ఎవరైనా ఎవరినైనా నామినేట్ చేయొచ్చు, తన పేరు తానే పంపుకోవచ్చు కూడా. ప్రతి ఏడాదీ ప్రధానమంత్రి ఒక పద్మ అవార్డుల కమిటీని వేస్తారు. దానికి కేబినెట్ సెక్రటరీ అధ్యక్షులు. హోం సెక్రటరీ, రాష్ట్రపతి కార్యదర్శి, వాళ్ళతో పాటు నలుగురి నుంచి ఆరుగురు దాకా ప్రముఖులు సభ్యులుగా ఉంటారు. ఈ కమిటీ సిఫారసులు ప్రధానమంత్రికి, రాష్ట్రపతికి వెళ్తాయి. అక్కడ ఆమోదం పొందాక రిపబ్లిక్ డే ముందు రోజు, జనవరి 25న, జాబితా బయటికొస్తుంది.

మధ్యలో ఇంకోటి జరుగుతుంది. వడపోతలో నిలిచినవాళ్ళ గురించి ప్రభుత్వ సంస్థల చేత విచారణ చేయిస్తారు. కేసులు ఉన్నాయా, చెప్పిన పని నిజంగా జరుగుతోందా, ఊళ్ళో పేరెలాంటిది అన్నవి బయటికొచ్చేది అక్కడే. మీరు గోరంతలు కొండంతలు చేసి రాస్తే అక్కడ తేలిపోతుంది. తేలిపోయినప్పుడు అబద్ధం రాసింది మీరైనా మచ్చ పడేది ఆ మనిషికి. నాకు అన్నిటికంటే భయం వేసేది దీనికే.

ఏం చూస్తారు?

ఇన్ని మార్కులకి ఇన్ని అని ఎక్కడా ప్రకటించిన పట్టిక లేదు. కానీ ప్రభుత్వం చెప్పే కొలమానం ఒకటుంది: ఎక్సలెన్స్ ప్లస్. ఒక రంగంలో బాగా రాణించడం ఒక్కటే సరిపోదు, అందులో ప్రజాసేవ అనేది తప్పకుండా ఉండాలి, మామూలు ప్రతిభని మించిన ఇంకేదో ఉండాలి. జీవితకాలం సాధించిన దానికి ప్రాధాన్యం. పైగా మహిళలు, బలహీన వర్గాలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, ప్రతిఫలం ఆశించకుండా సేవ చేసేవాళ్ళలో అర్హులని వెతికి పంపండని హోం శాఖే ఏటా అడుగుతుంది. పేపర్లో పేరు రాని మనిషి అని వెనక్కి తగ్గకండి. కిన్నెర మొగులయ్య గారు, కోయ డోలు వాయించే సకిని రామచంద్రయ్య గారు 2022లో, బుర్రవీణ దాసరి కొండప్ప గారు, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య గారు 2024లో అలా వచ్చినవాళ్ళే.

సమాజ సేవలో ఈ "ప్లస్" అంటే ఏంటి? ఇక్కడి నుంచి చెప్పేది నా అంచనా, వచ్చినవాళ్ళ పనులు చూసి పోగుచేసుకున్నది. అన్నదానం చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు, రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్ళు ఉన్నారు, పరీక్షల ముందు పిల్లలకి ప్యాడ్లు, పెన్నులు పంచేవాళ్ళు ఉన్నారు. వేలల్లో వచ్చే నామినేషన్లలో సగం ఇవే అనుకోండి, చదివే ఆఫీసరుకి మీ కాగితం ఎందుకు ఆగి చూడాలనిపిస్తుంది? నేను ఈ ప్రశ్నలు వేసుకుంటాను. ఎన్నేళ్ళు, మధ్యలో ఆపకుండా? డబ్బు ఎవరిది, ఆ పని కోసం ఆ మనిషి ఏం వదులుకున్నారు? అది వాళ్ళ ఉద్యోగంలో భాగమా, లేక ఉద్యోగం కానిదా? అంతకు ముందు అక్కడ ఏముండేది, ఇప్పుడేముంది? ఆ పనిని చూసి ఇంకెవరైనా మొదలుపెట్టారా? ఈ మనిషి రేపు ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది?

సంకురాత్రి గారి సంగతే తీసుకోండి. 1985లో కనిష్క విమానం పేలిపోయినప్పుడు భార్యనీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్నారు, కెనడాలో ఉద్యోగం వదిలి కాకినాడ వచ్చి ఫౌండేషన్ పెట్టారు. ఇందులో దుఃఖం ఉంది, కానీ అవార్డు దుఃఖానికి ఇవ్వలేదు, ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచిన బడికీ, కంటి ఆసుపత్రికీ ఇచ్చారు. మనం రాసేటప్పుడు కష్టాల కథ మూడు పేరాలు రాసి పని గురించి మూడు లైన్లు రాస్తాం. తిరగేయాలి.

ఆధారాలు: క్యాలెండర్ల సంగతి

ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మా నామినేషన్ మారిపోయింది ఇక్కడే.

రెండోసారి రాద్దామని కూర్చున్నప్పుడు అక్కని అడిగాను, ఇప్పటిదాకా ఎంతమందికి పోసుంటావు అని. "ఏమోరా, ఎవరు లెక్కపెట్టారు" అంది. మొదటిసారి మేం "లక్షలాది మందికి" అని రాసేశాం. ఆ రోజు వాళ్ళింట్లో టీ తాగుతూ గోడకున్న క్యాలెండర్ చూస్తే తేదీల గళ్ళలో పెన్సిల్‌తో అంకెలు. 58. 64. 71. ఒక గడిలో సున్నా, పక్కన "జొరం" అని. పాల లెక్క అనుకున్నాను. కాదట, ఆ రోజు ఎన్ని గ్లాసులు అయ్యాయో రాసుకుంటుంది, మర్నాటికి ఎంత పిండి నానబెట్టాలో తెలియడానికి. పాత క్యాలెండర్లు ఏం చేశావంటే అటక మీద చూపించింది. బియ్యం కొట్టు వాళ్ళిచ్చినవి, ఎల్‌ఐసీ ఏజెంటు ఇచ్చినవి, చుట్టచుట్టి పురికొసతో కట్టి పెట్టింది, మొత్తం 19.

రెండు రాత్రులు కూర్చుని కూడాం. 2016లో 299 రోజులు, 17,940 గ్లాసులు. రోజుకి సగటున అరవై. "లక్షలాది" కంటే ఈ 17,940 ఎంత బలంగా ఉందో చూడండి, ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి క్యాలెండర్ ఉంది.

ప్రతి సేవ వెనకా ఇలాంటి లెక్క ఏదో ఒకటి ఉంటుంది, వాళ్ళు దాన్ని ఆధారం అనుకోరంతే. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం, మందుల షాపు బిల్లులు, ట్యూషన్ పిల్లల హాజరు పట్టీ, ఆటో డీజిల్ రసీదులు, పంచాయతీ తీర్మానం కాపీ. వెతకండి. అడిగితే లేవంటారు, ఇంటికెళ్ళి కూర్చుంటే బయటపడతాయి.

పేపరు కటింగులు పెట్టొచ్చు, తేదీ, పత్రిక పేరు కనిపించేలా. జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో ప్రభుత్వం ఇచ్చిన ప్రశంసాపత్రాలు పెట్టండి. కానీ శాలువా ఫోటోలు దయచేసి తగ్గించండి. ఫలానా క్లబ్ సన్మానం, ఫలానా సంఘం మెమెంటో, డబ్బు కడితే ఇచ్చే గౌరవ డాక్టరేట్లు ఇవన్నీ కలిపి నలభై పేజీలు చేస్తే అసలైన నాలుగు పేజీలు వాటిలో కలిసిపోతాయి. పెద్దవాళ్ళ సిఫారసు లేఖలు కూడా అంతే. "నాకు బాగా తెలుసు, యోగ్యులు" అని ఎమ్మెల్యే గారిచ్చిన లెటర్ కంటే, "2011లో మా వార్డుకి ఇలా పనికొచ్చింది" అని ఆసుపత్రి నర్సు రాసిచ్చిన అర పేజీ నాకు విలువైనదనిపిస్తుంది.

ఇక ట్రస్టుల సంగతి. సంస్థ చేసిన పనంతా వ్యవస్థాపకుడి ఖాతాలో వేసి రాస్తారు. వంద మంది జీతగాళ్ళు, ప్రభుత్వ గ్రాంటు, విరాళాలు ఉన్నప్పుడు, ఇందులో ఈ మనిషి సొంతంగా చేసింది ఏంటి అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు కాగితంలోనే ఉండాలి.

800 పదాలు

సైటేషన్‌కి, అంటే ఆ మనిషి చేసిన పని గురించి మనం రాసే వివరణకి, గరిష్ఠంగా 800 పదాలు. మొత్తం నామినేషన్‌కి ప్రాణం ఇదే. నేను ఇలా చేస్తాను: ముందు తెలుగులో, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు రాసుకుంటాను, అందులోంచి విశేషణాలన్నీ కొట్టేస్తాను, తర్వాత ఇంగ్లిష్‌లోకి తెస్తాను. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే పెద్ద పెద్ద మాటలు వాటంతటవే వచ్చేస్తాయి.

మా మొదటి నామినేషన్ మొదటి వాక్యం: "చిన్ననాటి నుంచే సేవాభావం కలిగిన ఈమె తన జీవితాన్ని పేద ప్రజలకు అంకితం చేశారు."

రెండోసారి రాసింది: "2003 జూన్ నుంచి ఈమె రోజూ పొద్దున ఐదున్నరకి ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర, రోగులకి తోడుగా వచ్చి వరండాలో పడుకునే సుమారు అరవై మందికి ఉచితంగా రాగి జావ ఇస్తున్నారు, పిండి ఖర్చు తన కుట్టుమిషన్ సంపాదనలోంచి పెడుతున్నారు."

రెండో దాంట్లో పొగడ్త ఒక్కటి లేదు. ఎప్పటి నుంచి, ఎక్కడ, ఎవరికి, ఎంతమందికి, ఎవరి డబ్బు, అన్నీ ఒక్క వాక్యంలో ఉన్నాయి. చదివేవాళ్ళు మొదటి రెండు మూడు వాక్యాల్లోనే మనిషిని చూడగలగాలి.

తర్వాత ఎందుకు మొదలైందో రెండు మూడు వాక్యాలు చాలు. ఆ తర్వాత పని ఎలా పెరిగింది, ఏళ్ళ వారీగా. అక్క విషయంలో 2011 తర్వాత బాలింతలకి వేడినీళ్ళు, పాతచీరలతో కుట్టిన పసిపిల్లల గుడ్డలు కూడా మొదలయ్యాయి, నర్సు రాసిచ్చింది దాని గురించే. ఆ గుడ్డల సంగతి మేం మొదటిసారి అసలు రాయనే లేదు, చిన్న విషయమనుకున్నాం. తర్వాత మార్పు, అంటే అక్కని చూసి పక్క టౌను ఆసుపత్రి దగ్గర ఇద్దరు ఆటోడ్రైవర్లు ఇలాంటిదే మొదలుపెట్టారు, అది కచ్చితంగా రాయాల్సిన విషయం. చివర్లో గుర్తింపులు, రెండు వాక్యాల్లో.

రాశాక ఒక పరీక్ష పెట్టండి. పేరు తీసేసి ఊళ్ళోవాళ్ళకి చదివి వినిపించండి. వెంటనే "ఇది ఫలానా ఆవిడ" అని పోల్చుకున్నారంటే బాగా వచ్చినట్టు. ఎవరైనా కావచ్చనిపిస్తే మళ్ళీ రాయండి.

పంపడం

ఆన్‌లైన్‌లోనే, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో, చిరునామా అవార్డ్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్. రిజిస్టర్ చేసుకుని, ఆ ఏడాది పద్మ అవార్డులు ఎంచుకుని, వివరాలు నింపి, సైటేషన్ పెట్టి, ఆధారాలు అప్‌లోడ్ చేయడమే. ఒక్క రూపాయి ఫీజు లేదు. "ఢిల్లీలో మావాళ్ళున్నారు, ఇప్పిస్తాం" అని డబ్బు అడిగేవాళ్ళు తగిలితే ఫోన్ పెట్టేయండి.

గడువు ఏటా ఒకేలా ఉండదు. 2025 అవార్డులకి 2024 మే 1 నుంచి సెప్టెంబరు 15 దాకా తీసుకున్నారు, 2026 వాటికి 2025 మార్చి 15నే తెరిచేశారు. అందుకని జనవరిలో జాబితా రాగానే పని మొదలుపెట్టండి, ఆఖరి వారం దాకా ఆగితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఆధార్‌లో ఉన్నట్టే పేరు, పుట్టిన తేదీ వేయండి. పంపాక కాపీ దాచుకోండి.

పంపే ముందు ఆ మనిషికి చెప్పండి. సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటాం, కానీ రేపు విచారణకి ఎవరైనా వచ్చి తలుపు కొడితే ఆ ముసలాయన హడలిపోతాడు. వద్దనే హక్కు కూడా వాళ్ళకి ఉంది. అక్క మొదట ఒప్పుకోలేదు, "పేరొస్తే ఊరికే పోస్తున్నానని ఎవరనుకుంటారు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేక వారం ఆగాను.

అవార్డుతో ఏం వస్తుందో కూడా ముందే నిజం చెప్పండి. రాష్ట్రపతి సంతకంతో సనదు, అంటే పత్రం, దాంతో పాటు పతకం. నగదు లేదు, రైలు రాయితీ లేదు. పేరుకి ముందో వెనకో తగిలించుకోకూడదు, 1995లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, సినిమా టైటిల్స్‌లో పేరు ముందు పద్మశ్రీ వేసిన సంగతి మన ఉమ్మడి హైకోర్టు దాకా వెళ్ళింది కూడా. తెలంగాణ ప్రభుత్వం 2024లో పద్మశ్రీ పొందిన కళాకారులకి 25 లక్షలు, నెలకి 25 వేల పింఛను ప్రకటించింది, అది ఆ రాష్ట్రం తనకు తానుగా ఇచ్చింది, అవార్డుతో వచ్చేది కాదు. డబ్బొస్తుందని ఆ ఇంట్లో ఆశ పెట్టకండి.

రాకపోతే

రాకపోవడమే ఎక్కువ. 120 లోపు పేర్లలో అన్ని రంగాలూ, అన్ని రాష్ట్రాలూ ఉంటాయి. ఎందుకు రాలేదో ఉత్తరం రాదు. పని బాగాలేదని కాదు దాని అర్థం, ఆ మాట ఆ మనిషితో మీ నోటితో చెప్పండి. వచ్చే ఏడాది మళ్ళీ కొత్తగా వేయండి, పాత కాగితమే అప్‌లోడ్ చేయకండి, ఈ ఏడాది పెరిగింది ఏదో చేర్చండి. ఈలోపు కలెక్టర్ గారి దగ్గర ఆగస్టు 15కి, జనవరి 26కి ఇచ్చే ప్రశంసాపత్రాలకి కూడా పేరు పంపండి, అవి రేపు ఆధారంగా పనికొస్తాయి.

మేం రెండుసార్లు పంపాం, రెండుసార్లూ రాలేదు. మూడోదానికి ఫోల్డర్ తెరిచి పెట్టాను. పోయిన ఆదివారం వెళ్తే అక్క వంటింట్లో కొత్త క్యాలెండర్ మేకుకి వేలాడుతోంది, అప్పటిదాకా అయిన గళ్ళు అంకెలతో నిండి ఉన్నాయి. ఫోటో తీసుకున్నాను. "మళ్ళీనా?" అంది, అని గ్లాసు చేతిలో పెట్టింది.